ఎంత, ఎవరికి, ఎన్నాళ్లు: ఈ మూడూ లేని ఆరోగ్య సలహా అచ్చు వేయొద్దు

సంపాదకులకు,

నమస్కారం. వానకాలం మొదలైందంటే వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో జ్వరాలతో పాటు సలహాలు కూడా ఇంటింటికీ తిరుగుతాయి. వాట్సాప్‌లో వచ్చేది ఒకటి, యూట్యూబ్‌లో చూసింది ఒకటి, అంగట్లో మూలికలమ్మే ఆయన చెప్పేది ఇంకొకటి. దినపత్రికల ఆరోగ్య పేజీల్లోని చిట్కాలు కూడా చాలాసార్లు ఇదే తీరుగా ఉంటున్నాయి. ఫలానా ఆకు షుగర్‌కు మంచిదని, ఫలానా గింజలు తింటే రక్తం పడుతుందని రాస్తారు. ఎంత తినాలి, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పడదు, ఎన్నాళ్లు చూసి మానుకోవాలి అన్నవి రాయరు. మందు చీటీ మీద గోలీ పేరు ఉండి మోతాదు లేకపోతే మెడికల్ షాపులో వెనక్కి పంపిస్తారు. తిండి సలహాకూ అదే నియమం పెట్టమని మా విన్నపం.

ముందు డెంగీ సంగతి. జ్వరం మొదలైన మూడో నాలుగో రోజు నుంచి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. వారం దాటాక చాలామందిలో వాటంతట అవే పెరుగుతాయి. బొప్పాయి ఆకు రసం ఇళ్లలో మొదలుపెట్టేది రిపోర్టులో సంఖ్య పడిపోయిన తర్వాత, అంటే దాదాపు ఐదో రోజున. రెండు మూడు రోజుల్లో సంఖ్య ఎలాగూ పెరగాల్సిందే, పేరు మాత్రం ఆకుకు పోతుంది. ఈ ఆకు మీద పరిశోధనలు జరగలేదని మేం అనడం లేదు. ప్లేట్‌లెట్లు కొంత తొందరగా పెరిగినట్టు కొన్నింట్లో కనిపించింది. దానివల్ల ప్రాణాపాయం తగ్గుతుందని మాత్రం తేలలేదు. అసలు గండం జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటల్లో ఉంటుంది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరి బీపీ పడిపోతుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంటివాళ్లు నిమ్మళంగా ఉండేది సరిగ్గా అప్పుడే. కడుపులో ఆగని నొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, మనిషి మత్తుగా పడి ఉండటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గంటల్లో ఆసుపత్రికి చేరాలి. ఆకు రసంతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ చేదుకే కొందరికి వాంతులవుతాయి. ఆ వాంతి రసం వల్లనా, జబ్బు ముదరడం వల్లనా అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా ఒంట్లో నీరు పోతుంది.

ఒళ్లు నొప్పులని ఊళ్లో డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ గోలీలు మింగడం డెంగీలో రక్తస్రావానికి దారితీస్తాయి. వాడదగింది పారాసిటమాల్ ఒక్కటే. దానికీ లెక్క ఉంది: పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, మద్యం అలవాటో లివర్ జబ్బో ఉంటే అంతకంటే బాగా తగ్గించాలి, పిల్లలకు కిలో బరువుకు ఒక మోతాదులో 15 మిల్లీగ్రాములు మించకూడదు. రక్తస్రావం లేనప్పుడు, సంఖ్య పదివేలకు పైన ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. మనిషికి కావాల్సింది ద్రవాలు: గంజి, ఉప్పేసిన సల్ల, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్.

ఓఆర్ఎస్ దగ్గర జరిగే తప్పు చిన్నగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. లీటరు నీళ్ల కోసం తయారుచేసిన ప్యాకెట్టును గ్లాసుకు ఇంత చొప్పున అందాజాగా కలుపుతారు. ఉప్పు గాఢత పెరిగితే విరేచనాలతో ఉన్న పసిపిల్లకు మేలు బదులు కీడు జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉంటాయి. అందుకే మొత్తం ప్యాకెట్టును ఒకేసారి కొలిచిన లీటరు నీళ్లలో కలిపి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన టీ చెంచాలతో చక్కెర ఆరు, ఉప్పు అర. చెంచా మీద గుట్ట ఉండకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు దీనితో పాటు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు. ఈ సూత్రానికి దగ్గరలో కూడా లేని, చక్కెర దండిగా ఉన్న డబ్బా పానీయాలు ఓఆర్ఎస్ పేరుతోనే ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టువదలకుండా పోరాడగా 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. మందుల షాపులో దొరికింది కాబట్టి మందే అనుకోవడానికి లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

డెంగీలో ఆకుకు పేరొచ్చినట్టే కామెర్లలో పసరు మందుకు పేరొచ్చింది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో తమంతట తగ్గుతాయి. తగ్గే వారాల్లోనే పసరు తాగిస్తారు. కానీ గర్భిణికి హెపటైటిస్ ఈ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు పసరుతో తగ్గవు. మలం సున్నం రంగులోకి మారి ఒళ్లంతా దురద పెడితే అది అనుమానించాలి. కామెర్లున్న మనిషి మాట తడబడుతున్నా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా కాలేయం చెడిపోతోందని అర్థం, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కళ్లలో పసరు పోయడం, చేతి మీద వాతలు పెట్టడం వల్ల కొత్త గాయం తప్ప ఒరిగేదేమీ లేదు. కిడ్నీ రాళ్లకు కొండపిండి ఆకు కూడా ఇంతే. 5 మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు నీళ్లు తాగితేనే పడిపోతుంది. నడుము నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం ఆకు కోసం వెతకడం మానేసి ఆసుపత్రికి వెళ్లాలి. తనంతట తగ్గే జబ్బుల చుట్టూనే ఇన్ని మందులు పుట్టుకొస్తాయి. అందుకే ఒక చిట్కా రాసేముందు, ఆ జబ్బు ఏమీ వాడకపోతే ఎన్నాళ్లకు తగ్గుతుందో కూడా పత్రిక రాయాలని కోరుతున్నాం.

రక్తహీనత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన రాష్ట్రంలో ఇంటింటి సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఆరు నెలలు దాటిన ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ ఉంది. దీనికి ప్రచారంలో ఉన్న సలహా దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం. రంగు చూసి చెప్పిన సలహా ఇది. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము 0.3 మిల్లీగ్రాములు, బీట్‌రూట్‌లో 0.8 లోపు. పెద్ద వయసు ఆడమనిషికి రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. దానిమ్మతోనే అది రావాలంటే రోజుకు తొమ్మిది కిలోలకు పైగా తినాలి. బెల్లంలో వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది గానీ, పల్లీపట్టీతో లోపలికి పోయే 20 గ్రాముల బెల్లంలో ఒక్క మిల్లీగ్రాము కూడా రాదు, చక్కెర మాత్రం పూర్తిగా వస్తుంది. అంతకంటే చవకైనవి మన దగ్గరే ఉన్నాయి. ఉలవల్లో వంద గ్రాములకు దాదాపు 8.7, సజ్జల్లో 6.4, తోటకూరలో 4.6 మిల్లీగ్రాములు ఉంటాయి. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టేది తక్కువ కాబట్టి పైన నిమ్మకాయ పిండుకోవాలి, తిన్న వెంటనే చాయ్ తాగకుండా గంటైనా ఆగాలి. మేక కాలేయం ఇనుముకు మంచిదే, కానీ అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. గర్భిణులు తరచూ తినకూడదు. ‘ఎవరికి’ అన్న మాట ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

రక్తం ఇప్పటికే తగ్గినవాళ్లకు తిండి ఒక్కటే చాలదు, గోలీ కావాలి. సర్కారు దవాఖానలో ఇచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు వేసుకోవాలి. మధ్యలో మానేయడానికి కారణాలు రెండే. వికారం వస్తుంది; రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మలం నల్లగా వస్తుంది. దానివల్ల ఏ హానీ లేదు. మానకుండా వేసుకునేవాళ్లు కూడా కొందరు కాల్షియం గోలీతో కలిపి మింగేస్తారు. అప్పుడు రెండింటి మధ్య పోటీ వల్ల ఇనుము సరిగా పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నెల రోజులు సరిగ్గా వాడితే హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరగాలి. పెరగకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కాదు, కారణం వెతకాలి: నులిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తలసేమియా, మన ఏజెన్సీ ఊళ్లలోనైతే అలాంటిదే సికిల్ సెల్. సంఖ్య మామూలుకు వచ్చాక కూడా ఇనుము నిల్వలు నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు కొనసాగించాలి.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలిపారన్న వదంతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. పోషకాలు కలిపిన బియ్యంలో నూటికి ఒక గింజ తయారుచేసిన గింజ. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి, ముద్ద చేసి, మిషన్లో బియ్యపు గింజ ఆకారంలో ఒత్తుతారు. అందుకే రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి. వాటిని ఏరి పారేస్తే పోషకాలనే పారేసినట్టు. అన్నం ముద్ద నేలకేసి కొడితే ఎగిరిందని వీడియో పెడతారు. ఎగరడానికి కారణం బియ్యంలోని గంజి పదార్థం, మంచి అన్నం ముద్ద కూడా ఎగురుతుంది. ప్లాస్టిక్ అయితే వేడికి మెత్తబడి అతుక్కుంటుంది, మంటలో పెడితే కరిగి ఘాటు వాసన వేస్తుంది. తలసేమియా, సికిల్ సెల్ ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం ఈ బియ్యం గురించి తమ డాక్టరును ఒకసారి అడగాలి.

షుగర్ రోగులకు చిరుధాన్యాల సలహా మంచిదే, సగం చెప్పడంతోనే చెడుతోంది. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, జొన్నల్లో 68, రాగుల్లో 67. తేడా పీచులో ఉంది: బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10, రాగుల్లో 11. అంటే రెండు జొన్న రొట్టెలు తినేవాళ్లు షుగర్‌కు మంచిదని నాలుగు తింటే లాభం పోయినట్టే. మెత్తటి పిండితో కాచిన రాగి జావ రొట్టె కంటే త్వరగా అరిగి రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతుంది. జావ తాగాలనుకుంటే ఒక చిన్న గ్లాసు, బెల్లం లేకుండా, పక్కన ఉడికిన గుడ్డో గుగ్గిళ్లో ఉండాలి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఎవరి ఒంటికి ఏది ఎంత పడుతుందో వాళ్లకే తెలుస్తుంది. ఏ వీడియో కంటే ఇది నమ్మదగిన సలహా.

షుగర్ శాశ్వతంగా పోతుంది, గోలీలు ఆపేయండి అనే పొడులు అన్నింటికంటే ప్రమాదకరం. ఒక్క ఉదయం పరగడుపు రీడింగు చూపించి నయమైందంటారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది, రుజువంటే అది. మూలికల పేరుతో అమ్మే కొన్ని షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లిషు మందులు, కీళ్లనొప్పుల పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు బయటపడుతూనే ఉన్నాయి. ఏళ్లనాటి నొప్పి మూడు రోజుల్లో మాయమైతే సంతోషించడం కంటే ముందు అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్ ఎగబాకడం స్టెరాయిడ్ జాడలు. నెలల తరబడి వాడిన పొడిని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఎందుకంటే ఒళ్లు తన సొంత హార్మోను తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది. పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

ఉప్పు, నూనెల గురించి రెండు మాటలు. బీపీకి సైంధవ లవణం మంచిదంటారు. అందులోనూ ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా అయోడిన్ కలపరు. ఏ ఉప్పైనా తొక్కులు, పచ్చళ్లు, అప్పడాలతో కలుపుకుని మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచా. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు కిడ్నీ జబ్బున్నవాళ్లకు గుండె ఆగేంత ప్రమాదం తేగలదు, ఈ ముక్క చెప్పకుండా ఆ సలహా రాయకూడదు. గానుగ నూనె అయినా ప్యాకెట్ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో లెక్కపెడితే చాలు.

ఆపరేషన్ అయినవాళ్లకు పప్పు, వంకాయ, గుడ్డు పెడితే చీము పడుతుందని వారాల తరబడి కారం లేని అన్నం మాత్రమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. మాంసకృత్తులు లేకపోతే కుట్టు మానడమే ఆలస్యమవుతుంది. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పత్యం కూడా ఇలాంటిదే.

మరి నమ్మదగింది ఎక్కడ దొరుకుతుంది? మనకు మహా దూరమేమీ లేదు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. 2024 మేలో అది భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. ఎవరైనా వెబ్‌సైట్ నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. 2,000 కిలోకేలరీల తిండికి అందులోని లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పప్పులు 85 గ్రాములన్న దగ్గర మన ఇళ్లలో ఆగి ఆలోచించాలి. నలుగురికి వంద గ్రాముల కందిపప్పుతో చారు కాస్తే మనిషికి వచ్చేది 25 గ్రాములు, అందులో మాంసకృత్తులు ఐదారు గ్రాములే. ఒక గుడ్డుతో సమానం. ఏ ఆహారంలో ఏముందో ఆ సంస్థ 2017లో 528 ఆహారాలకు పట్టికలు కూడా వేసింది. ఈ సంస్థ పేరు పెట్టి వచ్చే ఫార్వర్డ్ మెసేజీని ఆ పుస్తకంతో పోల్చుకుంటే నిజానిజాలు ఐదు నిమిషాల్లో తేలతాయి. పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు ఏఐతో చేసి షుగర్ మందు అమ్మే వీడియోలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి మొహం చూసి నమ్మే రోజులు పోయాయి. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, పల్లె దవాఖాన డాక్టరు, ఫోన్లో 104 ఉన్నారు. ఏదీ అమ్మకుండా సలహా చెప్పేవాళ్లు వీళ్లు. డైటీషియన్ దగ్గరకు వెళ్తే పోషకాహారంలో డిగ్రీ ఉందా, అదే గదిలో పౌడర్ డబ్బాలు అమ్ముతున్నారా అని చూడాలి.

డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే అది ఆహారంగా అమ్మడానికి అనుమతి మాత్రమే. సప్లిమెంట్ల మీద మందుగా వాడకూడదనే మాట చిన్న అక్షరాల్లో ఉండి తీరాలి. ఆ మాట పక్కనే షుగర్ తగ్గిస్తుందని ఉంటే ఆ డబ్బా తన మీద తనే సాక్ష్యం చెబుతున్నట్టు. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా ఉండాలి. అంగట్లో, జాతరలో కాగితంలో కట్టిచ్చే పొట్లానికి ఇవేవీ ఉండవు.

ఇక పత్రికను అడిగేది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షుగర్, క్యాన్సర్, గుండెజబ్బు, బీపీ, పక్షవాతం లాంటి జబ్బులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. మొదటిసారికి ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు ఉంది. ప్రకటన ఇచ్చినవాళ్లే కాదు, దాని ప్రచురణలో పాలుపంచుకున్న ఎవరైనా బాధ్యులే. అలాంటి ప్రకటనలు జిల్లా ఎడిషన్లలో కూడా తీసుకోవద్దు. డబ్బు తీసుకుని వేసే ఆరోగ్య వ్యాసం పైన ‘ప్రకటన’ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. చిట్కా రాసినవాళ్ల చదువు, డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. అధ్యయనంలో తేలిందని రాస్తే అది ఎలుకల మీదనా మనుషుల మీదనా, ఎంతమంది మీద అన్నది ఉండాలి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు మందు వాడాక ఒక్కరికే వచ్చిందనుకుందాం, దాన్ని ‘ముప్పు సగానికి తగ్గింది’ అని శీర్షిక పెడితే పాఠకుడు మోసపోతాడు. తప్పు దొర్లితే సవరణ అదే పేజీలో, అంతే పెద్దగా రావాలి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. వారానికొక వాట్సాప్ సందేశం తీసుకుని, అక్కడి అధ్యాపకులతో మోతాదుల సహా సరిచూయించి వేస్తే జిల్లా పాఠకులకు చాలా మేలు జరుగుతుంది.

పాఠకులు కూడా ఊరుకోనక్కర్లేదు. జబ్బు నయం చేస్తామని రాసున్న మందు కనబడితే డబ్బా నాలుగు వైపులా, బ్యాచ్ నంబరు కనిపించేట్టు ఫొటో తీసి, బిల్లు దాచుకుని, పనిదినాల్లో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు చెప్పండి. ఆహార పదార్థమైతే ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఏ మందు వాడినా ఒంటికి తేడా చేస్తే 1800-180-3024కు తెలియజేయవచ్చు. మిగిలిన పొడిని పారేయకండి, పరీక్షకు అదే ఆధారం.

ఇట్లు,
పోషకాహారం, ఫార్మసీ, ప్రజారోగ్య రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
హనుమకొండ